ఆనవాలు, బొమ్మ, జ్ఞాపిక

సన్మానసభలలో శాలువ కప్పిన వెంటనే అతిథి చేతికి అందించు చిన్న వస్తువును నేడు మనము జ్ఞాపిక యనుచున్నాము. కొందఱు మెమెంటో యందురు. పాఠశాలలలో షీల్డు అనుటయు కలదు. సావనీరు అను మాట మాత్రము మన సభలలో వస్తువునకు గాక, ఆ సందర్భమున అచ్చువేసిన ప్రత్యేకసంచికకు స్థిరపడినది. వస్తువు చిన్నది; దాని వెలయు సామాన్యముగా స్వల్పమే. కావున సాహిత్యవిమర్శకునకు ఇది విచారింపదగిన విషయము కాదని తోచవచ్చును. కాని మన కావ్యములలో కథను మలుపు త్రిప్పినవి పెక్కుచోట్ల ఇట్టి చిన్న వస్తువులే: ఒక ఉంగరము, ఒక చూడామణి, బొమ్మలకు కట్టు గుడ్డలు. వానిని కవులు చెప్పిన తీరునకును, నేటి రచయితలును పరిశోధకులును చెప్పు తీరునకును చాల అంతరము కలదు. ఆ అంతరమునకు మూలము వస్తువులలో లేదు, వానికి మనము పెట్టుకొన్న పేళ్లలో నున్నదని నా యభిప్రాయము.

ముందుగా జ్ఞాపిక సంగతి. ‘జ్ఞా’ ధాతువుయొక్క ప్రేరణార్థరూపమునుండి జ్ఞాపకశబ్ద మేర్పడినది. తెలియజేయునది అని దాని యర్థము. పాణినీయము చదివినవారికి జ్ఞాపకమన నేమో వివరింప బనిలేదు. సూత్రమున వ్యర్థముగా కనబడు పదము, తాను వ్యర్థము కాకుండుటకై మఱియొక నియమమును సూచించినచో, దానిని జ్ఞాపకమందురు. అక్కడ స్మృతికి తావు లేదు. తెలుగున జ్ఞాపకము స్మృతివాచకమైనది. కన్నడ మలయాళములయందును అంతే. తమిళమున ఞాపకముగా మాఱియు అదే యర్థము నిచ్చుచున్నది. తెలియజేయునది తలపున నుండుటగా మాఱుట దక్షిణభాషలన్నింటను ఒక్కతీరుగ జరిగిన పరిణామము.

ఈ మాఱిన యర్థమునుండియే జ్ఞాపిక మనకు లభించినది. నాయక నాయికలవలె, గాయక గాయికలవలె జ్ఞాపక జ్ఞాపికలు. చివరనున్న ‘ఇక’ స్త్రీలింగరూపసిద్ధిలో వచ్చినదే కాని అల్పార్థకము కాదు. అయినను వినువారి చెవికి అది పుత్రికలోని, ఘంటికలోని ‘ఇక’గా ధ్వనించును, జ్ఞాపకమునకు ముద్దులొలుకు చిన్న రూపమని తోచును. ఈ భ్రాంతియే పదమునకు ప్రచారము తెచ్చినదని నా యూహ. వస్తువు చిన్నది, పేరు చిన్నదిగా వినబడును, లోపల జ్ఞాపక మున్నదని పేరే చెప్పుచున్నది. ఇక దానిని గూర్చి చెప్పవలసిన దేమున్నది? అందమైన జ్ఞాపిక యనిన చాలును. విశేషణములు క్షీణించుట ఇక్కడనే మొదలైనది.

తెలుగున ఈ చోట ముందునుండి నడచిన మాటలు ఆనవాలు, గుఱుతు. గుఱుతు గుఱికి తోబుట్టువు. తమిళమునందలి కుఱియు ఈ కుదురునకు చెందినదే. గుఱి చూపును ఒకచోట నిలుపును. గుఱుతు ఒకదానిని తక్కినవానినుండి వేఱు చేయును. ఆనవాలు వ్యవహారమునకు ఇంకను దగ్గఱి మాట. తప్పిపోయిన పశువును, దొంగిలింపబడిన సొమ్మును, మొగమెఱుగని చుట్టమును ఆనవాలుబట్టి పోల్చుకొందురు. ఈ మాటకు ఒక్క మనిషి చాలడు. ఇచ్చినవాడు, తెచ్చినవాడు, పోల్చుకొనువాడు ఉన్నగాని ఆనవాలు లేదు. బీరువాలో ఒంటరిగా నున్న వస్తువు ఎంత ప్రియమైనదైనను ఆనవాలు కాజాలదు. కానుక, బహుమానములును ఇచ్చిపుచ్చుకొనుటను చెప్పు మాటలే. మొదటిది సామాన్యముగా క్రిందివాడు పైవానికి సమర్పించునది, రెండవది పైవాడు క్రిందివానికి దయచేయునది. వీనిలో దేనికిని స్మృతి ప్రధానార్థము కాదు.

రామాయణమునందలి ఉంగరమును, చూడామణిని ఈ దృష్టితో చూడవలెను. సంస్కృతమున వీనికి అభిజ్ఞానమని పేరు. పోల్చుకొనుటకు సాధనమైనదని యర్థము. హనుమంతునికి రాముడిచ్చిన ఉంగరమును గూర్చి వాల్మీకి చెప్పిన ముఖ్యవిశేషము దానిపై రాముని పేరుండుట. రత్నమెట్టిదో, పని యెట్టిదో ఆయనకు పట్టలేదు. అశోకవనమున హనుమంతుడు సీతను తిరుగు ఆనవాలు కోరగా ఆమె మొదట ఇచ్చినది వస్తువు కాదు, ఒక కథ. చిత్రకూటమున కాకి తన్ను బాధించుటయు, రాముడు దర్భను అస్త్రముగా ప్రయోగించుటయు చెప్పి, దానినే శ్రేష్ఠమైన అభిజ్ఞానముగా నివేదింపుమన్నది. ఆ తరువాతనే కొంగున ముడిచిన చూడామణిని విప్పి యిచ్చినది. చెక్కిట రాముడు దిద్దిన మనశ్శిలాతిలకమును గూడ మఱల గుర్తుచేసినది. ఇద్దఱికే తెలిసిన కథ, ఇద్దఱికే తెలిసిన తిలకము, కంటికి కనబడు మణి: మూడును ఒకే వరుసలోనివి. వస్తువునకు కథకంటె అధికస్థానము లేదు.

ఆ మణి రాముని చేత బడిన ఘట్టము మన విషయమునకు మఱింత ముఖ్యము. ప్రియురాలి నగను చూచిన నాయకునిచేత దాని కాంతిని, చెక్కడమును వర్ణింపజేయుట అలంకారప్రియుడైన కవికి సులభము. వాల్మీకి రాముడు మణిచరిత్ర చెప్పును. అది నీట పుట్టినది. యజ్ఞమున సంతుష్టుడైన ఇంద్రుడు ఇచ్చినది. వివాహకాలమున మామగారు సీతకిచ్చినది. దానిని చూడగా తండ్రియు జనకుడును కనులయెదుట నిలిచినట్లున్నది. అనగా చేతుల వరుసయే వర్ణన. ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చినదో చెప్పిన తరువాత దానిని అందమైనదని చెప్పు అవసరము కవికి కలుగలేదు. చిన్న వస్తువును వర్ణించుటలో ఇంతకు మించిన పద్ధతి నాకు కనబడలేదు.

కాళిదాసు ఈ సంప్రదాయమును ఒక అడుగు త్రిప్పినాడు. భారతకథలో శకుంతలకు ఉంగరము లేదు, నన్నయ శకుంతలోపాఖ్యానమునను లేదు, ఆకాశవాణియే సాక్షి. నాటకమున ఉంగరము వచ్చినది, నీట జారినది, చేపకడుపున దొరకినది. జాలరిని పట్టుకొన్న రక్షకభటులకు అది దొంగతనమునకు ఆనవాలు; జాలరికి ఆనాటి కూటికి దారి; దుష్యంతునకు పోయిన తలపు. ఒక్క వస్తువు మువ్వురికి మూడు విధములైనది. తెలియజేయు వస్తువులోనికి తలపు ప్రవేశించుట ఇచ్చట స్పష్టముగా కనబడును. అటుపై రాజు ఉంగరమును మనిషినివలె నిందించును. జ్ఞాపకమునకు తెలుగున వచ్చిన యర్థపరిణామమునకు సాహిత్యమున దృష్టాంతము చూపుమన్నచో నేనీ యంకమును చూపుదును. అయితే ఇక్కడను ఆ ఉంగరమునకు బలమిచ్చునది శకుంతల. ఆమె లేనిచో రాజు నిందకు పాత్రమైన వస్తువే లేదు.

మనవారు అంతగా పట్టించుకొనని ఉదాహరణ విరాటపర్వమున నున్నది. ఉత్తరగోగ్రహణమునకు బృహన్నలతో అన్న బయలుదేఱుచుండగా ఉత్తర తన బొమ్మపొత్తికలకై కౌరవవీరుల వస్త్రములు తెమ్మని కోరును. మూలమున పాంచాలిక అని యున్నది. అమరసింహుడు పాంచాలిక, పుత్రిక యని చెప్పి, అది గుడ్డ, దంతము మొదలగువానితో చేయబడునని వస్తువును గూడ సూచించినాడు. తెలుగుమాట బొమ్మను కాక బొమ్మకు కట్టు గుడ్డను ముందుకు తెచ్చినది. పొత్తి వస్త్రము, పసిబిడ్డలను పెట్టు పొత్తిళ్లలోని పొత్తి యిదే. బొమ్మను బిడ్డగా చూచు ఆట అంతయు ఈ చిన్న సమాసమున నిమిడియున్నది. ఇట్టి పదమును బొమ్మల దుస్తులు అని మార్చి పాఠము చెప్పువారున్నారు. అర్థము తెలియును, ఆట పోవును.

యుద్ధమున అర్జునుడు సమ్మోహనాస్త్రమున కౌరవులను నిద్రపుచ్చి, ఉత్తర కోరిక తలచుకొని, ఉత్తరకుమారునిచేత పైవస్త్రములు తీయించెను. ద్రోణకృపుల తెల్లనివి, కర్ణుని పచ్చనిది, అశ్వత్థామ దుర్యోధనుల నీలములు. భీష్ముని మాత్రము తాకవద్దనెను. ఆ అస్త్రమునకు విఱుగుడు ఆయన ఎఱుగును. ఇచ్చట రంగులు అలంకారము కొఱకు రాలేదు. రంగునుబట్టి ఎవరి బట్ట యేదో చెప్పవచ్చును. బాలికకు బొమ్మల చీరలైనవి తెలిసినవానికి అయిదుగురు మహారథుల ఓటమికి ఆనవాళ్లు. అటుపిమ్మట కొలువున జరిగినది చూడుడు. విరాటుడు గెలుపు కొడుకుదని పొంగిపోయెను. కాదన్న కంకుని పాచికతో కొట్టెను. గెలిచినవాడు పేడివేషమున అంతఃపురమున కేగి, రాజానుమతితో బట్టలను ఉత్తర కిచ్చెను. ఆమె సంతోషించెను. సభ అంతయు అబద్ధమును నమ్మియున్న వేళ సత్యమునకు సాక్ష్యము బొమ్మల పెట్టెలో నున్నది. దానిని అక్కడ పోల్చుకొనువారు లేరు. వ్యాసుడు దీనిని గూర్చి వ్యాఖ్యానింపలేదు, తిక్కనయు వ్యాఖ్యానింపలేదు. వ్యాఖ్యానింపకుండుటయే మేలైనది.

ఈ సందర్భమున యాత్రల మాట ఒకటి చెప్పి ముందుకు పోవుదును. కాశికి పోయివచ్చినవారు కాశీదారములు తెచ్చి ఇరుగుపొరుగులకు పంచిపెట్టుట మన యింటింటి యాచారము. పోయినవారు తమ తలపునకై దాచుకొనుట తక్కువ, పోనివారి చేతికి కట్టుట యెక్కువ. నేటి విహారయాత్రలో కొనుక్కొని అలమారలో పెట్టుకొను వస్తువు దీనికి సరిగా ఎదురు. రెంటికిని జ్ఞాపిక యను ఒక్క పేరు పెట్టి వ్రాసిన వ్యాసములు నేను చూచియున్నాను. అట్టి వ్యాసమున విషయము మొదటి పుటలోనే జారిపోవును.

బొమ్మ యను మాట వేఱు దారిది. అది పోలికను చెప్పును. పటము బొమ్మ, విగ్రహము బొమ్మ, పుస్తకములోని చిత్రము బొమ్మ, వెండితెఱపై నాడునది బొమ్మ. నాణెమునకు ఒకవైపు బొమ్మ, రెండవవైపు బొరుసు. ఇంత విశాలమైన మాట తెలుగుల అదృష్టము. శిల్పము, చిత్రము, ఆటవస్తువు అని ఇతరులు గీచిన గీతలు దీనికి లేవు. సంక్రాంతికి కొందఱు, దసరాకు కొందఱు పెట్టు బొమ్మలకొలువున దేవుడును, దొరయు, చెట్టియు, ఏనుగును మెట్లమీద కలసియే కొలువు తీర్తురు. కొలువు రాజసభకు పేరు; ఆ పండుగనాళ్లు ఇంటివారే వానికి పరిచారకులు.

అయితే ఈ మాట వాడుకలో ఒక సూక్ష్మమున్నది. పిల్లవాడెక్కి స్వారి చేయునది కొయ్యగుఱ్ఱము. కొలువున నిలిపి చూచునది గుఱ్ఱపుబొమ్మ. ఆడపిల్లలు ఉత్తుత్త వంట చేయునవి లక్కపిడతలు. వానిని పిడతబొమ్మలని యెవరు ననరు. కుంకుమ పెట్టుకొనునది ఎంత చిన్నదైనను బరిణెయే. పని మిగిలియున్నంతవఱకు వస్తువు తన పేరు నిలుపుకొనును. చూచుట మాత్రమే మిగిలినపుడు బొమ్మ యను మాట వచ్చి సమాసమున చివర కూర్చుండును. ఈ నియమము వ్యాకరణములకెక్కలేదు కాని ఇంటి భాష దానిని దాదాపుగా తప్పలేదు. బొబ్బిలివీణ దీనికి చక్కని పరీక్ష. బొబ్బిలి చేరువ గొల్లపల్లిలో పనసమ్రానితో వీణలు చేయుదురు; బహూకరించుటకై చిన్నవియు చేయుదురు. పీటపై నిలిపిన ఆ చిన్నదానిని చిన్న వీణ యనుట వాడుక. తెలుగు పలుకుబడిలో అది వీణబొమ్మ. చిన్న వీణ యనిన పలుకు వీణ కావలెను. అంగడివాడు తప్పు చేసినాడనను. అమ్ముటకు వీణ యను పేరే కావలెను. పరిశోధకునకు ఆ అవసరము లేదు.

మనిషికి బొమ్మ యను మాటను తగిలించుటయు ఈ నియమమునకు లోబడినదే. పుత్తడిబొమ్మ యని ఆడపిల్లను మెచ్చుకొందురు. చూచుటకు తగినదనుట అందులోని పొగడ్త. పని లేదు, నోరు లేదనుట దాని నీడ. ముసలివానికిచ్చి పెండ్లి చేసిన పూర్ణమ్మకు గురజాడ ఆ పొగడ్తనే తగిలించినాడు. చదువరి మొదట ముద్దుమాటగా వినును; ఆమె పోయిన తరువాత అదే మాట ఇంటివారిపై నేరారోపణగా మాఱును. పదమును మార్చకయే దాని భావమును తలక్రిందులు చేసిన నేర్పు అది. బొమ్మను కళాఖండమని వ్రాయుట కలవాటుపడిన పాఠకునికి ఈ దెబ్బ తగులదు. కళాఖండ మగుటలో ఎవరికి నేమి నష్టము?

కళాఖండము ఆంగ్లపదమునకు చేసిన మక్కికిమక్కి యనువాదము. కొయ్య ఖండమగును, కళ యెట్లు ఖండమగునో తెలియదు. కాని మాట నిలిచిపోయినది, ఇక తరుమలేము. తరుమదగినవి దాని వెంటవచ్చు విశేషణములు. జీవకళ ఉట్టిపడుచున్నది, కనువిందు చేయుచున్నది, చూడముచ్చటగా నున్నది. కొండపల్లి బొమ్మను గూర్చిన రచనలలో ఈ మూడును లేనివి అరుదు. కొండపల్లి బొమ్మలో జీవకళ ఉట్టిపడదు, అది దాని లోపమును కాదు. అంబారీయేనుగుపై కూర్చున్న దొర మొగమున భావభేదములు వెదకరాదు. విప్పారిన కన్నులు, నల్లని గీతలు, చదునుగా పఱచిన గట్టిరంగులు: పోలిక నొక గుఱుతుగా కుదించుట ఆ పనివారి మార్గము. తాటిచెట్టెక్కు గీతగాని చూడుడు. ఎక్కుటయే అక్కడ విషయము, ఎక్కువాడెవ్వడో కాదు. జీవకళ యను కొలబద్దతో కొలిచినచో అది నాసిరకపు శిల్పమగును. మెచ్చుకొనుటకు వాడిన మాటయే దానిని చిన్నబుచ్చుచున్నది.

ఆ బొమ్మను చెప్పుటకు చేసినవారియొద్ద మాటలున్నవి. కొయ్య తెల్లపొణికి, తేలికయైనది, మెత్తనిది. దానిని ఎండబెట్టి, సెగను చూపి, తడి తీయుదురు. కాలుసేతులు, తొండము, గొడుగు వేఱువేఱుగా చెక్కి అతుకుదురు. అతుకుటకును, ఒంపులు దిద్దుటకును చింతగింజల అంబలిలో రంపపుపొట్టు కలిపిన ముద్ద వాడుదురు. దాని పేరు మక్కు. ఆపైన సున్నపుపూత, అటుపై రంగులు. మక్కును గూర్చి తెలిసినవాడు బొమ్మను చూచిన తీరు మాఱును. ఇది ఒక్క దుంగనుండి తొలిచినది కాదు, కూర్చినది. కనుకనే చెట్టు వేఱు, ఎక్కువాడు వేఱు, కుండ వేఱుగా నిలువగలవు. ఈ సంగతి యేదియు కళాఖండమను మాటలో లేదు, మక్కను రెండక్షరములలో నున్నది. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో పద్ధతి వేఱు. అక్కడ అంకుడుకొయ్యను గిరగిర త్రిప్పుచు ఉలితో గుండ్రముగా తీర్చి, తిరుగుచున్నదానిపై లక్కకడ్డీని ఒత్తుదురు. ఒరపిడి వేడికి లక్క కరగి పట్టుకొనును. ఎండిన మొగలియాకుతో రుద్దగా మెఱుగు వచ్చును. అందుచేత ఆ బొమ్మలన్నింటిలోను గుండ్రదనము తప్పదు, మూలలుండవు. నున్నగా నున్నదని వ్రాసినవాడు సగము చెప్పినాడు. త్రిప్పుటచే నున్ననైనదని వ్రాసినచో పూర్తి యగును. సహజమైన రంగులతో ఆ పనిని నిలిపిన సి. వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ లభించినది. ఆ సందర్భమున వెలువడిన ప్రశంసలలోను అంకుడుకంటె అందమే ఎక్కువగా వినబడినది.

వృత్తిపదములను సేకరించుట మనకు క్రొత్త కాదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలికవృత్తిపదకోశము మొదటి సంపుటము వ్యవసాయపదములతో 1962లో వెలువడినది. నాగలికి, కాడికి ప్రాంతమున కొకటిగా నున్న పేళ్లు శాస్త్రముగా కూర్చబడినవి. ఆ పని భాషాశాస్త్రజ్ఞులు చేసిన మేలు. విమర్శకులమైన మనము దానిని మన పని కాదనుకొంటిమి. కావ్యమున ఒక నగపేరు వచ్చినచో ‘ఆభరణవిశేషము’ అని వ్యాఖ్య వ్రాసి దాటిపోవు వ్యాఖ్యాతల అలవాటు మనకును అబ్బినది. బొమ్మ ‘కళాఖండవిశేషము’, ఆనవాలు ‘స్మృతిచిహ్నవిశేషము’ అగుటకు ఇదియే త్రోవ. విశేషమని వ్రాసినచోట విశేషము చెప్పకుండుట మన వ్యాఖ్యానములకు పాతజబ్బు.

ఇటీవల గుఱుతు అను పాతమాట అనుకోని దారిని మరలి వచ్చినది. వస్తువులకు పుట్టినచోటినిబట్టి రక్షణ కల్పించు చట్టమును భారతపార్లమెంటు 1999లో చేసినది. పత్రికలు దానిని భౌగోళిక గుర్తింపు అనుచున్నవి. భౌగోళిక సూచిక యనువారును కలరు. కొండపల్లి, నిర్మల్, ఏటికొప్పాక బొమ్మలకును, బొబ్బిలివీణకును అది లభించినది. ఇచ్చట గుఱుతు తన మొదటి పనియే చేయుచున్నది: నకలునుండి అసలును వేఱు చేయుచున్నది. చేసినవారు, అమ్మినవారు, పోల్చుకొనువారు మరల ముగ్గురును కావలసివచ్చినారు. చట్టమునందలి ఆ పదమునకు సంస్కృతమున పర్యాయము వెదకినచో మనకు మొదట దొరకునది జ్ఞాపకమే, పాణినీయుల జ్ఞాపకము.

జ్ఞాపిక యను పదము సభలలో ఎప్పుడు స్థిరపడెనో, ఆనవాలు అచ్చటినుండి ఎప్పుడు తప్పుకొనెనో నిర్ణయించుటకు నిఘంటువులు చాలవు. సన్మానపత్రములు, ఆహ్వానపత్రికలు, రజతోత్సవసంచికలు, కార్యక్రమవివరములు అచ్చువేసిన కరపత్రములు కావలెను. మన గ్రంథాలయములు వీనిని పుస్తకములలో లెక్కింపక అట్టపెట్టెలలో కట్టలు కట్టి పైయరలలో నుంచును. ఈ విషయమున పరిశోధన చేయదలచినవారు ముందుగా ఆ కట్టలను దింపించి, సంవత్సరముల వరుసను విప్పి చూడవలెను.